పాత బట్టల బజారు - ఆలుమగల బేరము

ఉగాదినాడు తలంటి పోసికొని, క్రొత్త బట్టలు కట్టి, వేపపూవు పచ్చడి తినుట మన ఇండ్లలో తాతముత్తాతల నాటి ఆచారము. మన పెద్దలు పుట్టిన ఊళ్ళు విడిచి ఎన్ని తరములైనను, మన మాటలలో ఎన్ని పరాయి మాటలు కలిసినను, ఈ మూడింటిని మాత్రము మనము విడువలేదు. అట్టి పండుగ సంచికలో పాత బట్టల ప్రసంగము తెచ్చుట బాగుండదని పాఠక సోదరీసోదరులు కొందరు అనుకొనవచ్చును. కాని మొన్న సంక్రాంతికి మా ఇంటికి వచ్చిన ఒక ఫోటో మమ్ములను ఈ వ్యాసమునకు పురికొల్పినది.

మా కుమారుడును కోడలును అమెరికాలో ఉన్నారు. ఒక శనివారమునాడు ఇద్దరును కలిసి పాత బట్టలు అమ్ము దుకాణమునకు పోయి, అతడు ఒక ఉన్ని కోటును, ఆమె ఒక పూల గౌనును కొని, అక్కడనే తొడిగికొని ఫోటో తీసి మాకు పంపిరి. "థ్రిఫ్ట్‌లో కొన్నాం, మూడు గంటలు ఏరాం, ఎలా ఉన్నాం?" అని క్రింద వ్రాసిరి. అందులో దాపరికము లేదు. సిగ్గు లేదు. పైగా కొంత గర్వము కూడ కలదు.

మేము ఆ ఫోటో చూచి మా గృహిణి వైపు చూచితిమి. ఆమెయు మా వైపు చూచెను. ఆ చూపు వెనుక నలుబది యేండ్లు దాటిన కథ యొకటి ఉన్నది. దానిని వ్యాసము చివర చెప్పెదము. ముందుగా, పరులు కట్టి విడిచిన బట్ట కొనుటకు మనుష్యులు ఎప్పుడు సిగ్గుపడిరి, ఎప్పుడు సిగ్గుపడలేదు అను విషయమును చరిత్రలో వెదకి చూతము.

యంత్రములు రాకపూర్వము బట్ట యనగా సొమ్ము. ప్రత్తి ఏకి, నూలు వడికి, పడుగు పోసి, నేసి, అద్దకము వేసి ఒక చీర చేతికి వచ్చుటకు ఎందరి చేతులు ఎన్ని దినములు కదలవలెనో నేత ఇండ్లలో పుట్టినవారికి చెప్ప నక్కరలేదు. కనుకనే ఐరోపాలో వీలునామాలలో భూములతోపాటు గౌనులను, కోట్లను పేరుపేరున వ్రాసి బిడ్డలకు విడిచెడివారు. అవసరము వచ్చినప్పుడు నగ వలెనే కోటును కుదువబెట్టెడివారు. సేవకులకు జీతములో కొంత భాగము యజమాని పాత బట్టల రూపమున ముట్టెడిది. ఒకరు విడిచిన బట్ట వేరొకరు కట్టుట అందు వింత కాదు. అది లోకములో నడచు పద్ధతి.

ఇటలీలోని ఫ్లారెన్సు నగరములో పాత బట్టల వర్తకులకు నార బట్టల వర్తకులతో కలిసి ఒక శ్రేణి ఉండెడిది. ఆ శ్రేణివారు 1433లో ఫ్రా ఏంజెలికో అను మహా చిత్రకారునిచేత తమ మందిరమునకు ఒక గొప్ప పటమును వ్రాయించిరి. ఆ పటము నేటికిని ఆ నగరపు సాన్ మార్కో మ్యూజియములో ఉన్నది. పాత కోట్లు అమ్మువారు నగరములోని మేటి చిత్రకారుని పిలిపించి బొమ్మ వ్రాయించుకొనగలిగిరనగా ఆ వర్తకమునకు ఆనాడు ఎంత మర్యాద ఉండెడిదో ఊహింపవచ్చును.

ఆ మర్యాద అన్ని చోట్లను లేదు. వెనిస్ నగరములో 1516లో యూదులను ఒక పేటలో ఉంచి గోడలు, ద్వారములు పెట్టిరి. పలు వృత్తులు వారికి నిషిద్ధములు. వారికి అనుమతించిన కొలది పనులలో పాత బట్టల వ్యాపారమొకటి. తరువాతి కాలమున లండనులోను యూదులే సంచి భుజమున వేసికొని "పాత బట్టలు" అని కేకవేయుచు వీధి వీధి తిరిగెడివారు. వేరు దారులు మూసిపెట్టి, మిగిలిన దారిన నడచినందుకు వారిని లోకము చిన్నచూపు చూచెను. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. పాత బట్టకు అంటిన కళంకములో చాల భాగము బట్టది కాదు. దానిని అమ్ము మనిషిపై లోకమునకుగల తిరస్కారమే బట్టకు అంటినది.

ఈ కథలో మన తెలుగు తీరమునకును పాలు కలదు. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు మచిలీపట్టణములో వర్తకస్థానము పెట్టిరి. డచ్చివారు అంతకు ముందే వచ్చియుండిరి. కృష్ణా తీరపు చిరువేరు ఎరుపుతో మనవారు వ్రాసిన, అద్దిన పూల బట్టలు ఓడలకెక్కి ఐరోపా చేరెను. ఉతికినకొలది రంగు తేరు నూలు బట్టను అక్కడివారు అంతకు ముందు ఎరుగరు. మొదట దొరసానుల పడకగదులలో తెరలుగను, దుప్పట్లుగను ఉన్న ఆ బట్ట క్రమముగా గౌనులైనది. యజమానురాలి పాత గౌను దాసికి చెందుట ఆనాటి ఆచారము. దాసి దానిని తాను తొడుగుకొనుటయో, పాత బట్టల అంగడిలో అమ్ముకొనుటయో చేసెడిది. ఆ విధముగా మచిలీపట్టణపు పూవులు రెండవ చేతి, మూడవ చేతి బట్టగా పేదల ఒంటిమీదికి దిగెను. యజమానురాలెవరో దాసి ఎవరో వీధిలో గుర్తుపట్టుట కష్టమైపోయినదని ఆనాటి రచయితలు వాపోయిరి.

అక్కడి పట్టు, ఉన్ని నేతగాండ్రకు ఇది కడుపుమంట అయ్యెను. ఫ్రాన్సు 1686లోనే అద్దకపు నూలు బట్టలను నిషేధించెను. ఇంగ్లండు 1701 నుండి వాని దిగుమతిని అరికట్టి, 1721లో అట్టి బట్టలలో అధిక భాగమును కట్టుటయే నేరమని చట్టము చేసెను. 1719లో లండను నేతగాండ్రు వీధులలో పూల బట్ట కట్టిన ఆడువారిని వెంబడించి ఒంటిమీది గౌనులను చించివేసిరి. ఇంతయైనను ఆ బట్టను పారవేయుటకు ఎవరికిని మనసు రాలేదు. ఉత్తర ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ అను భవనములో 18వ శతాబ్ది ఆరంభము నాటి ఒక అతుకుల బొంత నేటికిని భద్రముగా ఉన్నది. అది భారతదేశపు పూల బట్టల ముక్కలతో కుట్టినది. మన అవ్వలు పాత చీరలతో బొంత కుట్టినట్లే ఆ దొరసానులును కుట్టిరి.

19వ శతాబ్దిలో లండనులోని పెటికోట్ లేన్ అను వీధి, రోజ్మేరీ లేన్ చెంతనున్న పేలికల సంత, మన్మత్ వీధి పాత బట్టలకు పేరు మోసినవి. ఛార్లెస్ డికెన్సు యౌవనములో మన్మత్ వీధి దుకాణములను గూర్చి వ్యాసము వ్రాసెను. వ్రేలాడుచున్న కోట్లను చూచి వానిని తొడిగిన మనుష్యుల జీవితములను ఊహించుట ఆ వ్యాసములోని ముచ్చట. హెన్రీ మేహ్యూ అను పత్రికా రచయిత లండను కూలివారి బ్రతుకులను వారి నోటనే విని 1851లో గ్రంథముగా వెలువరించెను. పింగాణీ కప్పులు, గాజు పాత్రలు బుట్టలో పెట్టుకొని ఇంటింటికి తిరిగి, డబ్బు పుచ్చుకొనక పాత బట్టలు పుచ్చుకొను వారిని గూర్చి అందులో వివరముగా ఉన్నది. అది చదువునప్పుడు మాకు లండను జ్ఞాపకము రాలేదు, మా చాలు గుమ్మము జ్ఞాపకము వచ్చినది.

ఏలయనగా బొంబాయిలోను పూనాలోను సోలాపురములోను ఉన్న మన ఆడువారికి బోహారీణ్ ఎవరో తెలియును. తలమీద గంపలో స్టీలు గిన్నెలు, భుజమున బట్టల మూట పెట్టుకొని మధ్యాహ్నపువేళ గుమ్మములో వచ్చి కూర్చుండు మనిషి ఆమె. తెలుగుదేశములో "పాత బట్టలకు స్టీలు సామాన్లిస్తాం" అను కేకయు, మద్రాసు వైపున పాత పట్టుచీరల జరీకై వచ్చువారి కేకయు అట్టివే. ఈ వర్తకములో గుజరాతు నుండి వచ్చిన వాఘ్రీ కులమువారు పెక్కుమంది ఉన్నారు. ఇది ఆలుమగల పని. గృహిణులతో గుమ్మములో కూర్చుండి బేరమాడునది స్త్రీ. తెచ్చిన మూటను విప్పి, చిరుగులు కుట్టి, బొత్తాములు వేసి, ఉతికి, ఇస్త్రీ పెట్టి సంతలో పరచుటలో ఇంటిల్లిపాది చేయి కలుపుదురు. తెల్లవారకముందే దీపముల వెలుగున పాత బట్టల సంతలు సాగుట ఢిల్లీలోను అహమ్మదాబాదులోను బొంబాయిలోను చూచినవారెందరో కలరు.

మరి సిగ్గు ఎప్పుడు వచ్చినది? మా కొలది చదువునకు తోచినంతవరకు, క్రొత్త బట్ట చౌకయైన తరువాత వచ్చినది. ఇంగ్లండులో నూలు మిల్లులు వెలసెను. 1813లో బాట్లీ అను ఊరిలో బెంజమిన్ లా అనునతడు పాత ఉన్ని పేలికలను యంత్రముతో పీకి, దూదివలె చేసి, క్రొత్త ఉన్నితో కలిపి మరల వడికించు పద్ధతి కనిపెట్టెను. ఆ బట్టకు షాడీ అని పేరు. అమెరికాలో 1861లో అంతర్యుద్ధము రాగా సైనికులకు ఆ బట్టతో కుట్టిన దుస్తులిచ్చిరి. వానలో తడిసి అవి ముక్కలైపోయెను. నాటినుండి షాడీ యనగా నాసిరకమని ఇంగ్లీషులో అర్థము స్థిరపడినది. కుట్టుమిషను రాగా సిద్ధముగా కుట్టిన బట్టలు అంగళ్ళ నిండ వచ్చెను. కూలివాడు కూడ ఏటికొక క్రొత్త చొక్కా కొనగలిగెను. అప్పుడు పాత చొక్కా తొడిగినవాడు కొనలేనివాడని లోకము లెక్క కట్టెను.

అంతట పాత బట్ట ధర్మసంస్థల చేతికి పోయెను. రక్షణ సైన్యమను క్రైస్తవ సంస్థ నెలకొల్పిన విలియం బూత్ 1890లో వ్రాసిన గ్రంథములో, ఇంటింట పనికిరాని వస్తువులు ప్రోగుచేసి బాగుచేయించి పేదలకు పని కల్పించు పథకమును వివరించెను. 1902లో బోస్టను నగరములో ఎడ్గార్ హెల్మ్స్ అను పాదిరి గోనెసంచులతో ధనికుల ఇండ్లకు పోయి పాత బట్టలు తెచ్చి, పనిలేనివారిచేత కుట్టించి, స్వల్ప వెలకు అమ్మించెను. గుడ్‌విల్ అను సంస్థ అట్లు పుట్టినది. ఊరక పంచిపెట్టక కొంచెమైనను వెల పెట్టుటలో వారికొక ఉద్దేశమున్నది. దానము పుచ్చుకొన్నవాడు తల వంచును. వెల ఇచ్చి ఏరుకొన్నవాడు తల ఎత్తి నడచును. ఇంగ్లండులో ఆక్స్‌ఫామ్ సంస్థవారి దుకాణము ఆక్స్‌ఫర్డులోని బ్రాడ్ వీధిలో 1947 చివర తెరచిరి. మా పిల్లలు ఫోటో తీసికొన్న దుకాణము ఈ వంశములోనిదే.

రెండవ ప్రపంచయుద్ధము ఒక వింత చేసెను. 1941 జూను నుండి 1949 మార్చి వరకు ఇంగ్లండులో బట్టలకు కూపన్లు పెట్టిరి. ఉన్నదానిని అతుకు వేసి కట్టుకొనుడని 1943లో ప్రభుత్వమే చిన్న పుస్తకము అచ్చువేసి పంచెను. మన దేశమునను 1943లో బట్టలకు, నూలుకు నియంత్రణ వచ్చినది. దొర కోటుకును కూలివాని కోటుకును మోచేతివద్ద అతుకే ఉన్నప్పుడు ఎవరు ఎవరిని చూచి నవ్వుదురు? అందరికి కరవైనప్పుడు సిగ్గు మాయమైనది. తన కొక్కనికే కరవైనదని తోచినప్పుడే మనిషి దాచుకొనును. మా కథకు ఇదియే కీలకము.

ఆ కథకు పోవుటకు ముందు రెండవ పక్షమును కూడ చెప్పవలెను. లేనిచో నేత ఇంటివారికి అన్యాయము చేసినట్లగును. ఇప్పుడు ధనిక దేశములలో విడిచిన బట్టలు మూటలు మూటలుగా ఓడలలో ప్రపంచమంతట తిరుగుచున్నవి. జాంబియాలో వానిని సలౌలా అందురు. కుప్పలో చేయి పెట్టి ఏరుకొనుట అని దాని అర్థము. కెన్యాలో మితుంబా అందురు. మూటలని అర్థము. మన దేశములో 1965లో నెలకొన్న కాండ్లా స్వేచ్ఛా వర్తక మండలములో ఈ మూటలను విప్పి, ఏరి, మరల విదేశములకు పంపు కర్మాగారములున్నవి. హర్యానాలోని పానిపట్టు ఊరు పాత ఉన్నిని పీకి కంబళ్ళు నేయుటలో ప్రసిద్ధి. ఇన్ని చేతులకు పని దొరకుట మంచిదే. కాని చౌక మూట దిగిన చోట నేతగాని మగ్గము ఏమగును? రువాండా దేశము ఈ చింతతోనే 2016లో పాత బట్టలపై సుంకము పెంచెను. దానికి ప్రతిగా అమెరికా 2018లో ఆ దేశపు దుస్తులకిచ్చిన సుంకపు రాయితీని నిలిపివేసెను. లెక్కకు మించి కొని, రెండుసార్లు తొడిగి, పేదల దేశమునకు పంపి పుణ్యము కట్టుకొంటిమనుకొనుట మేము మెచ్చు థ్రిఫ్టు కాదు.

ఇక మా సంగతి.

1982 జనవరి 18న బొంబాయి నూలు మిల్లుల సమ్మె ఆరంభమైనది. డాక్టరు దత్తా సామంత్ నాయకత్వమున సుమారు 2,50,000 మంది కార్మికులు పని విడిచిరి. వారిలో వర్లీ, పరేలు ప్రాంతముల మన తెలుగువారు, ముఖ్యముగా పద్మశాలీలు, ఎందరుండిరో ఈ సంచిక చదువు కుటుంబములకు తెలియును. మేము అప్పుడొక మిల్లులో సాంచాల ఖాతాలో పనిచేయుచుంటిమి. నెలలు గడచినవి. నగలు పోయెను. తరువాత ఇత్తడి బిందెలు పోయెను. కొందరు ఊళ్ళకు పోయిరి, కొందరు భివండి పవర్‌లూములకు పోయిరి. 1983 ఉగాది వచ్చునప్పటికి మా ఇంట జీతము ముఖము చూచి ఏడాది దాటినది. దినమునకు ఎన్నో గజముల పాప్లిను నేసిన మా చేతికి పండుగకు రెండు గజముల గుడ్డ కొను శక్తి లేదు.

పండుగకు ముందు శుక్రవారమునాడు మా గృహిణి తెల్లవారుజామున లేచి, "చోర్‌బజారుకు పోదాం. మీరు హిందీ మాట్లాడుండ్రి, నేను బట్ట చూస్త" అనెను. ఆమె సోలాపురము నేత ఇంటి ఆడపడుచు. మేము వెంట నడచితిమి.

భెండీబజారు చెంత శుక్రవారపు సంతలో నేలపైన గోనెలు పరచి బట్టలు కుప్పలు పోసియుండిరి. మాకు తలయెత్తుటకు మనసొప్పలేదు. తెలిసినవారెవరైన చూతురేమోనని దిక్కులు చూచుచుంటిమి. ఆమె మాత్రము కుప్పయెదుట చతికిలబడి, తన తండ్రి మగ్గము ముందు కూర్చున్నట్లే కూర్చుండెను. చీరను అంచు చూచి కొనువారు మోసపోదురు. ఆమె నడుమ మడతను వెలుతురునకు ఎత్తి చూచెను. అడ్డముగా రెండు చేతులతో మెల్లగా లాగి పేక పిగులుచున్నదేమో చూచెను. కుచ్చెళ్ళ క్రింది అంచును వ్రేళ్ళతో తడిమెను. చొక్కాలు మా భాగము. కాలరు లోపలివైపు, చంకలు, కుట్టు లోపల విడిచిన గుడ్డ ఎంత ఉన్నది, పిల్లవాడు ఎదిగిన వదలు చేయవచ్చునా అని మేము చూచితిమి. పావుగంట గడచునప్పటికి దిక్కులు చూచుట మరచితిమి. మిల్లులో ఇన్స్పెక్షను బల్లమీద బట్ట చూచినట్లే చూచుచుంటిమి. ఏడాది తరువాత మా పని మాకు తిరిగి దొరికినట్లుండెను.

మా ఇద్దరికి ఒక సంకేతముండెను. ధర నచ్చిన ఆమె కొంగు నడుమున దోపును. నచ్చనిచో లేచి నిలబడును. మేము దానిని బట్టి బేరమాడితిమి. పిల్లవానికి రెండు చొక్కాలు, ఆడపిల్లకు ఒక గౌను, మాకొక చొక్కా తీసికొంటిమి. తనకు ఏదియు ఎంచుకొనలేదని మేము అప్పుడు గమనించితిమి. కుప్ప అడుగున ఒక నేతచీర కొస కనబడెను. మేమే లాగి ఆమె చేతికిచ్చితిమి.

ఆమె దానిని విప్పి చాలసేపు చూచెను. నడుమ ఒకచోట జానెడు మేర చిరుగు. దానిని ఎవరో పోగుపోగు తీసి రఫూ చేసిరి. పడుగులో పడుగు, పేకలో పేక కలిపిన ఆ పనిని వెలుతురునకు ఎత్తిననే గాని కనుగొనలేము. "ఎవలో ఇంట్ల కూసుండి చేసింది. కూలికి చేసే రఫూ ఇట్ల ఉండదు" అని ఆమె మెల్లగా అనెను. దుకాణదారు 15 రూపాయలు అడిగెను. మేము 8 రూపాయలన్నాము. ఆమె లేచి నిలబడలేదు. కొంగు దోపెను.

ఉగాదినాటి సాయంకాలము తెలుగువారు కూడినచోట పంచాంగ శ్రవణమైనది. ఆమె ఆ చీరయే కట్టెను. ఉతికి గంజి పెట్టిన తరువాత అది క్రొత్తదానివలె మెరసెను. ఒక మిత్రుని భార్య "వదినా, చీర బాగుంది, ఎక్కడిది?" అని అడిగెను. గృహిణి నోరు విప్పకముందే మేము, "సోలాపురం నుంచి మా మామగారు పంపినారు" అని చెప్పితిమి.

ఇంటికి వచ్చు త్రోవలో ఆమె మాటాడలేదు. చాలు మెట్లు ఎక్కునప్పుడు ఆగి, "మా నాయన పంపిండని ఎందుకు చెప్పిన్రు?" అనెను. "ఏమనుకుంటరోనని" అంటిమి. "అక్కడ కూసున్నోళ్ళ ఇండ్లల్ల ఎవలికి జీతం వస్తున్నది? వాళ్ళూ మనలెక్కనే ఉన్నరు. మనిద్దరం ఏరి తెచ్చుకున్నది. ఆ చీర మీరే లాగి నా చేతికిచ్చిన్రు. దాన్ని లేదన్నరు" అనెను. మాకు జవాబు తోచలేదు. ఆనాడు ఆ సభలో కట్టిన బట్టలలో ఎన్ని క్రొత్తవో, ఎన్ని మా వలెనే ఏరి తెచ్చినవో ఎవరికి తెలియును? అందరికి కరవే. కాని ప్రతివాడును తన కొక్కనికే కరవనుకొని దాచెను. ఒకడు నోరు తెరచియుండిన పదిమందికి బరువు తగ్గియుండెడిది. ఆ ఒకడు మేము కాలేకపోతిమి.

కొన్నాళ్ళకు మామగారు సోలాపురము నుండి వచ్చినప్పుడు ఆమె ఆ చీరను ఆయనకు చూపి ఉన్నమాట చెప్పెను. మగ్గము నమ్ముకొన్న మనిషి, పాత బట్ట కొన్నందుకు కోపించునేమోనని మేము భయపడితిమి. ఆయన రఫూ చేసిన చోటును బొటనవ్రేలితో రాచి చూచి, "కొత్తది కొంటే నేసినోనికి కూడు. నిజమే. గని ఇసొంటి బట్టను చెత్తల పడేస్తే నేసినోని చెయ్యి నరికినట్టే. మంచిగ చేసిన్రు" అనెను.

ఆ చీరను మా గృహిణి పదునాలుగేండ్లు కట్టెను. చివర అంచు చినిగిన తరువాత మా మనుమరాలి బొంతలోనికి పై గుడ్డ అయినది. మిల్లులు పోయెను. అవి ఉన్నచోట నేడు మేడలును అంగళ్ళును లేచినవి. మా చాలు కూడ లేదు. బొంత మాత్రము ఉన్నది.

అమెరికాలోని పిల్లలకు ఈ కథ మొన్న ఫోనులో చెప్పితిమి. కోడలు చాలసేపు ఊరకుండి, "అత్తయ్యా, రఫూ నాకు నేర్పుతారా?" అని అడిగెను. ఈ వేసవికి వచ్చినప్పుడు నేర్పెదనని ఆమె మాట ఇచ్చెను. పిల్లలకు మేము ఒక మాట మాత్రము చెప్పితిమి. మీరు ఏరుకొనుట మీ ఇష్టము. ఆనాడు మేము ఏరుకొనుట మా అవసరము. రెండును ఒకటి కావు. కాని కుప్పయెదుట కూర్చుండి, ఒకరు చూచి ఒకరు అడిగి, కనుసైగతో మాటాడుకొని ఇద్దరు కలిసి తెచ్చుకొన్న బట్ట రెండు చోట్లను ఒకటే.

ఈ పండుగకు మన ఇండ్లలో క్రొత్త బట్టలు కట్టగలవారు కట్టుదురుగాక. నేసినవానికి కూడు దొరకును. కట్టలేనివారు ఉతికిన బట్ట కట్టి తల ఎత్తి మన సభకు వత్తురుగాక. బోహారీణ్ గుమ్మములోనికి వచ్చిన చాప వేసి కూర్చుండబెట్టి బేరమాడుదము. ఇవ్వదలచిన బట్టను ఉతికి, బొత్తాము కుట్టి ఇత్తము.

నాటి సభలో ఉన్నవారిలో కొందరైనను ఈ సంచిక చదువుదురు. వారికి నలుబది యేండ్లు ఆలస్యముగా ఒక సవరణ మనవి చేయుచున్నాము. 1983 ఉగాదినాడు మా గృహిణి కట్టిన చీర మా మామగారు పంపినది కాదు. చోర్‌బజారులో 8 రూపాయలకు మేమిద్దరము ఏరి తెచ్చుకొన్నది.

అందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.